పక్కింటి మనిషి

బుకిట్ బటోక్, సింగపూర్
12 ఆగస్టు 2000

చిన్నమ్మా,

ముందు అసలు సంగతి, తర్వాత కుశలప్రశ్నలు. నాకు మూడో నెల. ఫిబ్రవరి రెండో వారంలో కాన్పు అని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు జనవరికల్లా ఇక్కడ ఉండాలి. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. ఆనాటి నుంచి నాకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, పదో తరగతి పాసైతే వాడంతా బెల్లం పంచిందీ నువ్వే. ఈ కాన్పు ఇంకొకరి చేతుల్లో పెట్టను. ఇది అడగడం కాదు, చెప్పడం.

నూకరాజు వాళ్ళమ్మ గారు అనకాపల్లిలో మేడమెట్లే ఎక్కలేరు, విమానం ఎక్కడెక్కుతారు? ఆయన మాత్రం ఇప్పటికే ఉయ్యాల కొనేశాడు. అందులో ప్రస్తుతం ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పడుకుంటున్నాయి.

పాస్‌పోర్టుకి వెంటనే దరఖాస్తు పెట్టు. రాఫెల్స్ ప్లేస్‌లో మా బ్యాంకు ఆఫీసులో నేను రోజంతా చేసేది ఖాతాదారుల వివరాలు కంప్యూటర్లో సరిచూడటమే కాబట్టి ఫారాల సంగతి నాకు వదిలెయ్. ఏ గడీ ఖాళీగా ఉంచకు. వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాయి. బీడీలు, సంఘం, సమ్మె ఇవేవీ ఆ కాగితం మీదికి రానివ్వకు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని మమ్మల్ని ఇక్కడికి పిలిపించారు. అవీ ఆగలేదు, మమ్మల్నీ పంపించలేదు. పైగా పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరంగా ఉండటానికి, దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. పెట్టాం.

ఇక్కడ నీకు తోచకపోవడమంటూ ఉండదు. మా అంతస్తులోనే కేశవరావు అంకుల్ ఉన్నారు. వాళ్ళ నాన్న కాలంలోనే మలయా వచ్చేశారట. ఆయన తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్ భాష. కనపడగానే "మకాన్ అయిందామ్మా?" అంటారు, తిన్నావా అని. హోటళ్ళ దగ్గర కుర్చీ మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళ్తే చాలు, అన్నం తెచ్చుకునేదాకా ఆ కుర్చీ మనదే. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారు. ఎవ్వరూ తియ్యరు. నువ్వు నమ్మవని తెలుసు, వచ్చి చూడు.

నీ
సత్యవాణి


కోనారం
19 సెప్టెంబరు 2000

బిడ్డా సత్యవాణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నాలుగోసారి బీడీల సంఘం ఆఫీసులో పైకి చదివించాను. ఆడవాళ్ళందరూ చాటలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. ఆ పూట తంబాకు నేలపాలైంది కాని ఎవరూ బాధపడలేదు. నీ కడుపు చల్లగా ఉండాలి.

మధ్యలో ఈ కవరు విప్పి చదివే తమ్ముడికి కూడా నమస్కారం. నవ్వకు. నా ఉత్తరాలకు ఎప్పుడూ ఇద్దరు చదువరులుంటారు. జిగురు ఆరకుండానే నా చేతికొస్తాయి. నీ కవరు మీద పంపినవాళ్ళ పేరు ఉండదు కాబట్టి అతనికి విప్పక తప్పదు పాపం.

ఇక పాస్‌పోర్టు. నీ మాట ఒక్కటి వినలేదు. వృత్తి దగ్గర 'బీడీ కార్మికురాలు' అనే రాశాను. నలభై ఏళ్ళు చుట్టి వేళ్ళు వంకరపోతే గృహిణి అని ఎట్లా రాస్తాను? అది అట్లా ఉండనీ. విచారణకని స్టేషనుకు పిలిచారు. ఎస్సై కుర్రవాడు, కుర్చీ వేయించాడు. ఫైలు తిరగేసి, "అమ్మా, నువ్వు అన్నల మనిషివని ఈడ రాసి ఉన్నది. పాస్‌పోర్టు కష్టం" అన్నాడు. ఎనభై అయిదులో సమ్మె చేసినప్పటి నుంచీ ఉన్న మాటే. అడవిలో తుపాకి పట్టినవాళ్ళను నేను నీలాగే పేపర్లో చూశాను. కాని సమ్మెలో ముందు నడిస్తే, వెనక ఎవరో ఉన్నారని అనుకోవడం వాళ్ళకు అలవాటు. ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నడవగలరని తోచదు.

"మరేం చెయ్యాలె సారూ?" అన్నాను.

"ఉపాయం ఉన్నది. వచ్చే నెల జిల్లాల లొంగుబాటు సభ పెడుతున్నరు. నువ్వు గూడ వచ్చి లొంగిపోతే నీ పేరు మాఫీ జాబితాలకు పోతది. ఫైలు బంద్. పైనుంచి కుట్టుమిషను గూడ ఇస్తరు."

నేను అన్నల్లో ఎప్పుడూ లేనని చెప్పాను. అతను పెన్ను మూత పెట్టి, "లేకపోతే ఎట్ల లొంగిపోతవమ్మా? ముందు ఉన్నట్టు రాసియ్యి, మల్ల మారిన అని రాసియ్యి" అన్నాడు. చాలా మర్యాదగానే చెప్పాడు. నాకు కుట్టు రాదని చెప్పి వచ్చాను.

నువ్వేమీ దిగులు పడకు. ఇంకో దారి చూస్తాను. పుల్లగా తినాలనిపిస్తోందా? చింతచిగురు ఎండబెట్టి ఉంచాను.

మీ
చిన్నమ్మ


బుకిట్ బటోక్
6 అక్టోబరు 2000

చిన్నమ్మా,

కోపం వచ్చినా కోపంగా రాయకూడదని నూకరాజు చెప్పాడు. కాబట్టి నెమ్మదిగా రాస్తున్నాను. సంతకం పెట్టు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఖాతాదారు వివరం ఏదైనా తప్పుగా నమోదైతే దాన్ని చెరపం. దాని కింద ఇంకో వరుస చేరుస్తాం, 'ఫలానా తేదీన మార్చబడింది' అని. అంతే, ఆ మనిషి పని మళ్ళీ మొదలవుతుంది. నీ పేరు మీద పదిహేనేళ్ళ కింద ఒక తప్పు వరుస పడింది. దాన్ని మార్చాలంటే వాళ్ళ దగ్గర ఉన్న దారి అదొక్కటే. అది నిజమా అబద్ధమా అని ఎవరూ చూడరు. గడి నిండిందా లేదా అని చూస్తారు. నువ్వు నడిపిన సమ్మె నీకు తెలుసు, నాకు తెలుసు, వాడకు తెలుసు. కాగితానికి తెలియకపోతే ఏం పోయింది?

పదిహేనేళ్ళుగా ఆ ఫైలు నీతో పాటు నన్నూ నడిపించింది. కాలేజీలో నా పక్కన కూర్చోవద్దని వాళ్ళమ్మ చెప్పిందని చాముండేశ్వరి బెంచీ మారింది. రెండు సంబంధాలు పెళ్ళిచూపులు కాకుండానే వెనక్కి పోయాయి. నేను నిన్ను ఒక్క మాట అన్నానా? ఇప్పుడు ఒక్కటి అడుగుతున్నాను. నాకు నువ్వు కావాలి. నాకు భయంగా ఉంది, చిన్నమ్మా. అమ్మ ఎలా పోయిందో నాకు తెలుసు. తమ్ముణ్ణి కంటూ, వాడితో పాటే పోయింది. నువ్వు పక్కన ఉంటే ఆ భయం ఉండదు.

ఉత్తరాలు ఎవరో చదువుతారన్నది నీ చాదస్తం. తపాలావాళ్ళకు అంత తీరిక లేదు.

సత్యవాణి


కోనారం
28 అక్టోబరు 2000

బిడ్డా,

నీ భయం చదివి ఆ పూట అన్నం తినలేదు. అక్క పోయిన గదిలో నేనూ ఉన్నాను. అక్కడ డాక్టరు లేడు, కరెంటు లేదు, ఉన్నది మంత్రసాని ఒక్కతే. నీకు ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది, బట్టలకు ఉయ్యాల కొన్న మొగుడున్నాడు. నీకేమీ కాదు. నేనున్నా లేకున్నా కాదు. ఇది గట్టిగా చెప్తున్నాను.

సంతకం మాత్రం పెట్టను. ఎందుకో ఒక్కసారి రాస్తాను, మళ్ళీ అడగవద్దు.

ఎనభై అయిదులో మేము ఏమడిగాం? బాగా లేవని మేస్త్రీ పక్కన పెట్టిన బీడీలకు కూలీ ఇయ్యరు. ఇయ్యకపోతే పోయె, వాటిని పారబొయ్యరు, అమ్ముకుంటారు. కూలీ ఇయ్యండి, లేకపోతే మా కళ్ళముందు కాలవెట్టండి అన్నాం. అంతే మా విప్లవం. మూడువందల పదిమంది ఆడవాళ్ళం నలభై రోజులు కార్ఖానా ముందు కూచున్నాం. అందరం ఎర్రచీరలు కట్టుకుని దళంలాగా వచ్చామని ఫైలులో రాశారట. ఆ చీరలు కార్ఖానా సేటు దసరాకు పంచినవి! బట్ట తానులు చౌకగా దొరికాయని అందరికీ ఒక్కటే రంగు తెచ్చాడు. ఆ సేటు గుమాస్తానే పోయి మా పేర్లు రాయించాడు.

ఇప్పుడు నేను పోయి 'అవును, నేను అన్నల మనిషినే, తప్పయింది' అని సంతకం పెడితే నా ఒక్కదాని ఫైలు మూసుకుంటుంది. మరి నా వెనక కూచున్న మూడువందల మంది? అన్నల మనిషి పిలిస్తే వచ్చినవాళ్ళయిపోతారు. వాళ్ళకు కొత్తగా ఫైళ్ళు తెరుచుకుంటాయి. ఇరవై ఏళ్ళ పిల్లలకు ఇప్పుడు పీఎఫ్ కార్డులున్నాయి. అవి మేము అడిగి తెచ్చుకున్నవి కావు, ఎవరో తుపాకి చూపించి తెచ్చినవి అవుతాయి.

కాగితానికి తెలియకపోతే ఏం పోయింది అన్నావు. మనం పోయాక మిగిలేది కాగితమే కదా బిడ్డా.

చింతచిగురు ఎవరైనా వస్తుంటే పంపుతాను. తమ్ముడూ, చదవడం అయితే కవరు సరిగ్గా అతికించు.

చిన్నమ్మ


బుకిట్ బటోక్
18 నవంబరు 2000

చిన్నమ్మా,

పదిరోజులు నీకు రాయలేదు, అలిగాను. ఇప్పుడు అలక లేదు. ఇంకేదో ఉంది, అది చివర్న రాస్తాను. ధైర్యం మిగిలితే.

పోయిన ఆదివారం కేశవరావు అంకుల్ కారిడార్‌లో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే నీ సంగతి చెప్పాను. ఆయన నన్ను సమర్థిస్తారనుకున్నాను. ఇక్కడ అందరూ రూలు రూలే అంటారు కదా. ఆయన డబ్బా కింద పెట్టి, నా వైపు చూడకుండా చెప్పారు. కుర్రతనంలో ఓడరేవు కూలీల యూనియన్ ఆఫీసులో గుమాస్తాగా ఉండేవారట. ఉత్తరాలు టైపు చెయ్యడం, టీ తెప్పించడం. ఒకరోజు అందరితో పాటు ఆయన్నీ పట్టుకుపోయారు. కమ్యూనిస్టు అన్నారు. విచారణ లేదు, శిక్ష కూడా లేదు, ఊరికే లోపల ఉంచారు. బయటికి రావాలంటే, నన్ను కమ్యూనిస్టులు వాడుకున్నారు, ఇప్పుడు బుద్ధొచ్చింది అని రాసి సంతకం పెట్టాలి. ఎనిమిది నెలలు పెట్టలేదు. అప్పుడు ఆంటీకి నెలలు నిండాయి.

"పెట్టేశానమ్మా. బిడ్డ ముఖం చూడాలి, వేరే ఏం అనుకోలా. ఆ కాగితం రేడియోలో చదివారు. నా పేరు చెప్పి మరీ చదివారు. బయటికొచ్చాక పాత ఫ్రెండ్స్ రోడ్డు దాటి పోయేవాళ్ళు. సరే, అది పరవాలేదు. కమ్యూనిస్ట్ అన్నవాళ్ళన్నా మానేశారా? అదీ లేదు. ముందు కమ్యూనిస్ట్ అన్నారు, అప్పుడు ఎక్స్-కమ్యూనిస్ట్ అన్నారు. ప్రమోషన్ లా!" అని, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి, "సంతకం పెట్టకముందు నేనెవరో నాకు బాగా తెలుసమ్మా. పెట్టాక, ఆ కాగితంలో ఉన్నవాడే నేనేమోనని నాకే డౌటు. నీ చిన్నమ్మను తొందర పెట్టకు" అన్నారు.

వాళ్ళ అమ్మాయికి ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. సెరంగూన్‌లో ఉంటుంది. ఈ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదట.

నా వరుసలు, గడులు అన్నీ ఆరోజు చెదిరిపోయాయి. వరుస కింద వరుస చేరిస్తే పైది పోదు. రెండూ ఉంటాయి.

ఇక నా సంగతి. చిన్నమ్మా, నేనూ ఒక సంతకం పెట్టాను. తొంభై ఏడు మార్చిలో నా పాస్‌పోర్టు విచారణకని హైదరాబాదులో హాస్టలుకి మన ఊరి స్టేషను నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "కోనారం బాలనాగమ్మ నీకేమైతది?" అని అడిగాడు. ఆఫర్ లెటరు నా సంచిలో ఉంది. పదిహేను రోజుల్లో చేరమన్నారు. 'ఏమీ కాదు, పక్కింటి మనిషి' అన్నాను. రాసిమ్మన్నాడు, రాసిచ్చాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కవరు మీద నా పేరు ఎందుకు రాయనో ఇప్పుడు నీకు తెలిసింది.

నిన్ను సంతకం పెట్టమని సులువుగా ఎలా అన్నానంటే, నాకు అలవాటైపోయింది కాబట్టి. సిగ్గుగా ఉంది. నువ్వు ఏం తిట్టినా పడతాను.

సత్యవాణి


కోనారం
9 డిసెంబరు 2000

బిడ్డా,

తిట్టడానికేమీ లేదు. నీ ఉత్తరం రాకముందే ఆ కాగితం చూశాను. ఎట్లా చూశానో చెప్తాను విను.

మన జిల్లా కోర్టులో శ్యామలాదేవి అనే వకీలమ్మ ఉంది. ఆమె ద్వారా స్టేషనుకు నోటీసు ఇప్పించాను. బాలనాగమ్మ మీద ఏ కేసు ఉంది, నంబరు చెప్పండి అని. నంబరేమీ లేదని వకీలమ్మకు నమ్మకం. ఎస్సైకి కోపమొచ్చి నన్ను పిలిచాడు. "సింగపూర్ల నీకెవరున్నరు?" అన్నాడు. "నా బిడ్డ" అన్నాను. ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నీది. 'ఏమీ కాదు, పక్కింటి మనిషి.' నీ గుండ్రటి అక్షరాలు నేను గుర్తుపట్టనా, నేను దిద్దించినవే.

రెండోది నాది.

నీ దగ్గరికి పోకముందే ఆ కానిస్టేబుల్ ఇక్కడికి వచ్చాడు. ఎడమ చేత్తో రాస్తాడు, అందుకే గుర్తు. టీ పోసి ఇచ్చాను. "సత్యవాణి నీకేమైతది?" అని అడిగాడు. నా ఫైలు నీ పాస్‌పోర్టుకు అడ్డం పడుతుందని తెలుసు. "నాకేమీ కాదు సారూ, పక్కింటి పిల్ల. తల్లి లేదని అప్పుడప్పుడు అన్నం పెట్టిన" అన్నాను. వేలిముద్ర వద్దని సంతకమే పెట్టాను. నా మీద ఎన్ని అబద్ధాలు రాసినా ఆ స్టేషన్లో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. నీకు ఎన్నడూ చెప్పలేదు. చెప్తే నువ్వు పాస్‌పోర్టు వద్దనేదానివి అనుకున్నాను.

రెండు కాగితాలు పక్కపక్కన చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎస్సైకి ఏమీ అర్థం కాలేదు.

"ఒకలకొకలు ఏం కారని మీరిద్దరే రాసిచ్చిన్రు. మరి ఎవరి దగ్గరికి పోతున్నవ్? ఏ సంస్థ పిలుస్తున్నది?" అన్నాడు. ఇప్పుడు నా పేరు పక్కన 'విదేశీ సంబంధాలు' అని కూడా చేరేట్టుంది. మీ కేశవరావు గారికి చెప్పు, నాకూ ప్రమోషనే.

నువ్వు ఏమీ చెయ్యకు. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకుంటే, పాస్‌పోర్టుకు అబద్ధం చెప్పావని నీ మీదికి వస్తుంది. మీ పీఆర్ దరఖాస్తు కూడా ఇంకా తేలలేదు కదా. వకీలమ్మ అదే చెప్పింది. కాన్పు అయ్యాక పాపనో బాబునో తీసుకుని నువ్వే రా. అంతవరకు నా పేరున ఆ ఇంట్లో ఒక కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి ఉంచు. అక్కడ ఎవరూ తియ్యరన్నావు కదా.

చిన్నమ్మ


బుకిట్ బటోక్
3 జనవరి 2001

చిన్నమ్మా,

టిష్యూ పొట్లం పెట్టాను. కిటికీ పక్క కుర్చీ. నూకరాజు పొరపాటున కూర్చోబోతే లేపేశాను.

నువ్వు చెయ్యవద్దన్న పని చేశాను. నిన్న సెలవు పెట్టి ఇక్కడి మన హైకమిషన్‌కి వెళ్ళి అఫిడవిట్ సంతకం చేశాను. నకలు ఇందులో ఉంది, అసలుది రిజిస్టర్డ్ పోస్టులో వకీలమ్మకు పంపాను. నాలుగు వాక్యాలే రాశాను.

'1997 మార్చిలో నా పాస్‌పోర్టు విచారణలో, కోనారం బాలనాగమ్మ నాకు ఏమీ కాదని రాసిచ్చాను. అది అబద్ధం. ఆమె మా అమ్మకు చెల్లెలు, నా ఆరో ఏట నుంచి నన్ను పెంచిన మనిషి. ఆమె బీడీ కార్మికుల సంఘం కార్యదర్శి అని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.'

అక్కడి క్లర్కు పెద్దాయన. చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, ఇది నీ మీదికి రావచ్చు, తెలుసా? ఎవరైనా బలవంతపెట్టారా?" అన్నాడు. నా పొట్ట చూసి మంచినీళ్ళు కూడా తెప్పించాడు. ఎవరూ బలవంతపెట్టలేదని, చాలా ఆలస్యంగా వచ్చానని చెప్పాను. పక్కన కేశవరావు అంకుల్ సాక్షి సంతకం పెట్టారు. బయటికొచ్చాక, "ముప్పై ఆరేళ్ళ తర్వాత ఒక కాగితం మీద మనస్ఫూర్తిగా సంతకం పెట్టానమ్మా" అన్నారు. వచ్చే ఆదివారం సెరంగూన్ వెళ్ళి వాళ్ళమ్మాయికి అన్నీ చెప్తానన్నారు.

నూకరాజుకి ముందే చెప్పాను. పీఆర్ పోవచ్చు, ఉద్యోగం కూడా పోవచ్చు అన్నాను. "పోతే ఏటవుద్ది? అనకాపల్లిలో బెల్లం అమ్ముకుందాం. ఉయ్యాల మాత్రం ఒట్టుకుపోదాం" అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఈ మనిషి ముఖం నువ్వు చూసి తీరాల్సింది.

నాకు భయం పోయింది చిన్నమ్మా. కాన్పు భయం కూడా. రెండూ ఒకటే భయమని ఇప్పుడు తెలుస్తోంది. నీకు ఏమీ కానని రాసిచ్చినదాన్ని, నీ చెయ్యి పట్టుకుని బిడ్డను కనే హక్కు నాకు లేదనిపించేది. ఇప్పుడు నువ్వు రాగలిగినా రాలేకపోయినా, ఆ హక్కు నాది.

కవరు వెనక వైపు చూడు.

నీ బిడ్డ
సత్యవాణి


బుకిట్ బటోక్
12 ఫిబ్రవరి 2001

చిన్నత్తయ్య గారికి నూకరాజు నమస్కారాలు.

నిన్న పొద్దున్న పదింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇవాళ ఎస్‌టీడీ బూతుకి ఫోన్ చేస్తే మీరు జిల్లా కోర్టుకి వెళ్ళారన్నారు, కబురు చెప్పేలోపే లైను తెగిపోయింది, మళ్ళీ కలవలేదు, అందుకని ఈ ఉత్తరం. సత్య ఒక్కసారి కూడా ఏడవలేదండి. నేనే ఏడిచాను. నర్సు నాకు కుర్చీ వేసింది. నొప్పులొచ్చినప్పుడల్లా సత్య ఎర్రచీరలు, ఎర్రచీరలు అని నవ్వుతోంది. ఏటా అని కంగారు పడ్డాను, తర్వాత చెప్పింది.

పీఆర్ సంగతి ఇంకా ఏమీ తేలలేదు. తేలినప్పుడు తేలుతుంది. పాపకి పేరు మీరొచ్చాకే పెడదామంటోంది. అందాకా నేను 'బుజ్జి' అంటున్నాను, కేశవరావు గారు 'బాయి' అంటున్నారు, మలయ్‌లో పాపాయి అనట.

మీ అల్లుడు
నూకరాజు


కోనారం
20 మార్చి 2001

నా బిడ్డ సత్యవాణికి,

అన్నీ తేలాకే రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. కవరు వెనక నీ పేరు, ఇంటి పేరు, ఫ్లాటు నంబరుతో సహా చూశాను. దాన్ని కత్తిరించి దేవుడి పటాల దగ్గర పెట్టాను. దేవుడికి నా మీద ఇప్పటిదాకా ఉన్న అనుమానాలు కూడా తీరి ఉంటాయి.

పోయిన నెల పంతొమ్మిదిన స్టేషనుకు పిలిచారు. నేనొక్కదాన్నే పోదామనుకుంటే సంఘం ఆడవాళ్ళు నలభై మంది వెంట వచ్చారు. ఏ చీరలు కట్టుకోవాలని పెద్ద చర్చ జరిగింది. చివరికి అందరూ ఎర్రవే కట్టారు. ఎస్సై కిటికీలోంచి చూసి తల పట్టుకున్నాడు.

వకీలమ్మ నా ఫైలు చదివి వినిపించమంది. మనిద్దరం రాసిచ్చినవి తీసేస్తే పదిహేనేళ్ళ ఫైలులో ఉన్నది ఒక్కటే కాగితం బిడ్డా. 'సమ్మెలో ముందు నడిచినది. పాటలు పాడినది. ఎర్రచీర ధరించినది. అన్నల మనిషి అని చెప్పుకొనుచున్నారు.' ఎవరు చెప్పుకుంటున్నారో లేదు. కేసు నంబరు లేదు. ఇన్నేళ్ళూ నన్ను చూసి మనుషులు పక్కకు జరిగింది ఈ నాలుగు వరుసలకే. కోపం రాలేదు. ఇంత చిన్న కాగితానికి ఇంతకాలం జడవనందుకు నా మీద నాకే గర్వంగా అనిపించింది.

ఎస్సై నీ అఫిడవిట్ రెండుసార్లు చదివాడు. "అబద్ధం చెప్పిన అని ఎవరన్న ఇట్ల రాసిస్తరా?" అన్నాడు. "మా ఇంట్లో రాసిస్తరు" అన్నాను. నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నట్టు నేనూ రాసిచ్చాను. అతను పెన్ను మూత తీసి, 'కేసులు లేవు' అని రాసి సంతకం పెట్టాడు. అనుమానితుల జాబితాలోంచి పేరు తీసే అధికారం మాత్రం తనకు లేదన్నాడు. పాత కాగితాలు కూడా చింపకూడదట. వాటి మీదనే నీది కుట్టారు. సరే, ఇకమీదట ఫైలు తెరిచినవాడికి ముందు నీ మాట కనిపిస్తుంది.

బయటికి వస్తుంటే స్టేషన్ రైటరు, ఫైళ్ళు రాసే కానిస్టేబుల్, తల ఎత్తాడు. ఎడమ చేతిలో పెన్ను. అప్పటి మనిషే, జుట్టు నెరిసింది.

"అవ్వా, ఆడపిల్లనట గదా. ఇద్దరు మంచిగున్నరట" అన్నాడు.

నాకు అప్పటికి నూకరాజు ఉత్తరం రాలేదు! అది మర్నాడు వచ్చింది, జిగురు తడిగానే ఉంది. నా మనుమరాలు పుట్టిందని నాకు ముందు చెప్పింది పోలీసులు.

వెనక్కి తిరిగి అతని బల్ల దగ్గరికి పోయాను. సంతోషం కొంగున ముడేసుకుని అడిగాను. "ఇన్నేండ్లు అన్ని ఉత్తరాలు చదివినవ్. మేమిద్దరం ఏమైతమో నీకు ఎరికే. మరి పై సార్లకు ఎందుకు చెప్పలే?"

అతను రాస్తున్నది ఆపలేదు. "ఉత్తరాల దాకా ఎందుకు అవ్వా. తొంబై ఏడులనే ఎరికైంది. నువ్వు ఈడ, ఆ పిల్ల పట్నంల. ఒకలకొకలు చెప్పుకోలే. ఇద్దరు ఒక్కటే అబద్ధం చెప్పిన్రు. తల్లీబిడ్డలు కాకపోతే అట్లెట్ల కలుస్తది?"

అతనికి దండం పెట్టాను. ఏమనుకున్నాడో, లేచి నిలబడ్డాడు.

నిన్న పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో నేను నిజంగానే అన్నల మనిషిలాగ ఉన్నాను. వీసా ఫారం వకీలమ్మ నింపుతోంది. 'ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఏమవుతారు' అన్న గడి ఒక్కటీ నా చేత్తో నేనే నింపాను. ఏప్రిల్ రెండో వారంలో విమానం. చింతచిగురు తెస్తున్నాను.

ఆ కుర్చీ మీది టిష్యూ పొట్లం తీసెయ్, బిడ్డా. నేను వస్తున్నా.

మీ అమ్మ
బాలనాగమ్మ